బయటి ముప్పు వచ్చినప్పుడు పార్టీ గొడవలను పక్కన పెట్టడం ఎలా? సమగ్ర మార్గదర్శి

2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య జరిగిన ఘర్షణ తర్వాత పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "సరిహద్దులో యుద్ధ వాతావరణం ఉంటే మా గ్రూపులో జనం ఒకరినొకరు దేశద్రోహి అని తిట్టుకుంటున్నారు. ఎలా ఆపాలి?"

ఊరి సర్పంచ్, వార్డు సభ్యులు, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, లెక్చరర్లు, వాట్సాప్ అడ్మిన్లు, విదేశాల్లో తెలుగు సంఘం నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు మాత్రం దేశాల స్థాయివి. పార్లమెంటులో పనిచేసిన పద్ధతి వార్డులోనూ పనిచేస్తుంది. అక్కడ బెడిసికొట్టింది ఇక్కడా బెడిసికొడుతుంది.

అందరి చేతా ఒకే మాట పలికించే చిట్కా ఏదీ ఇందులో లేదు. తగాదాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక చిన్న పని దగ్గర మాత్రం కలుస్తాం, మిగిలిన ప్రశ్నలకు ఒక తేదీ రాసుకుంటాం. మొదటిది చాలామంది చేస్తారు. రెండోది మరిచిపోతారు, చేసిందంతా అక్కడే చెడుతుంది.

## 1. ముప్పు నిజమేనా? ముందు అది తేల్చుకోండి

"ఇప్పుడు రాజకీయాలు వద్దు" అనే మాటను తమ పబ్బం గడుపుకోవడానికి వాడేవాళ్లు ప్రతి పార్టీలోనూ ఉంటారు. అందుకే ఎవరినైనా ఐక్యత అడిగే ముందు ఈ మూడూ చూసుకోండి.

☐ ముప్పు దేశం బయటి నుంచి వచ్చిందని ప్రభుత్వం అధికారికంగా చెప్పిందా?
☐ మనం అడుగుతున్న పనికీ ఆ ముప్పుకీ సంబంధం ఉందా? రక్తదాన శిబిరానికి ఉంది. సొసైటీ ఎన్నికల్లో ఏకగ్రీవానికి లేదు.
☐ అడుగుతున్నదానికి గడువు ఉందా?

మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా అధ్యక్షుడు బుష్‌కు గ్యాలప్ సర్వేలో 90 శాతం మద్దతు వచ్చింది. ఆ ఊపులో ప్రభుత్వ నిఘా అధికారాలు పెంచే పేట్రియట్ చట్టం సెనేట్‌లో 98–1తో నెగ్గింది. దాడి జరిగి ఏడు వారాలు కాకముందే అది చట్టమైపోయింది. అయితే అందులో కొన్ని నిఘా సెక్షన్లకు 2005 చివరి వరకే గడువు పెట్టారు. గడువు ముంచుకొచ్చేసరికి వాటిపై మళ్లీ చర్చకు కూర్చోక తప్పలేదు. భయంలో ఉన్నప్పుడు తీసుకునే ఏ నిర్ణయానికైనా ముగింపు తేదీ రాయండి.

## 2. శాంతిగా ఉన్నప్పుడు చేసుకోవాల్సిన ఏర్పాటు

ముప్పు వచ్చాక మొదలుపెడితే సగం పని ఇక కాదు. దీనికి ఫిన్లాండ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1918లో ఆ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ఒకవైపు కార్మికుల ఎర్రదళం, మరోవైపు తెల్లదళం. 30 లక్షల పైచిలుకు జనాభాలో 36 వేల మందికి పైగా పోయారు. వారిలో వేలమంది ఓడినవాళ్లే, గెలిచినవాళ్ల ఖైదీ క్యాంపుల్లో ఆకలితో, జబ్బులతో చనిపోయారు. 21 ఏళ్లకు, 1939 నవంబర్ 30న, సోవియట్ సైన్యం వచ్చిపడింది. కూసినెన్ అనే ఫిన్లాండ్ కమ్యూనిస్టు నాయకుడితో సరిహద్దు పట్టణం తెరియోకిలో ఒక బొమ్మ ప్రభుత్వాన్ని కూడా నిలబెట్టారు. పాత ఎర్రదళం వాళ్లంతా దాని వెనక నడుస్తారని లెక్క. ఆ లెక్క తప్పింది. కార్మికులు తమ దేశ సైన్యంలోనే నిలబడి పోరాడారు.

దానికి ముందే చాలా జరిగింది. కౌలుదారులకు భూమి సొంతం చేసుకునే చట్టాలు వచ్చాయి. 1937లో రైతుల పార్టీ, సోషల్ డెమొక్రాట్లు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. దేశం పోతే తనకూ పోయేది కొంత ఉందని కార్మికుడికి తెలిసే రోజు అప్పటికే వచ్చింది.

యుద్ధంలోనూ, ఆ వెంటనే జరిగిన మూడు పనుల వరస గమనించండి:

1. 1940 జనవరి 23న యజమానుల సమాఖ్య, కార్మిక సంఘాలను చర్చలకు సమాన పక్షంగా గుర్తించింది. అంతకుముందు ఆ సంఘాలతో కూర్చోవడానికే ఒప్పుకునేది కాదు.
2. ఫిబ్రవరిలో, తెల్లదళం వారసత్వంగా నడిచే పౌర రక్షక దళంలోకి సోషల్ డెమొక్రాట్లు చేరడానికి దారి తెరిచారు.
3. ఏటా మే 16న తెల్లదళం చేసుకునే విజయోత్సవాన్ని 1940లో మానర్‌హైమ్ ఆపించాడు. దాని బదులు చనిపోయిన అందరి కోసం, 1918లో రెండు వైపులా పోయినవాళ్లతో సహా, ఒక స్మారక దినం పెట్టించాడు. 1918లో తెల్లదళం సేనాని ఆయనే.

మూడింటిలోనూ ముందు దిగివచ్చింది పైచేయి ఉన్న పక్షం. ఓడినవాడిని "ముందు నువ్వు విధేయత నిరూపించుకో" అని ఎవరూ అడగలేదు. మన దగ్గర సాధారణంగా దీనికి తలకిందులుగా నడుస్తుంది.

మీ స్థాయిలో చేయాల్సినవి:

☐ ప్రతి వర్గంలో, ప్రతి పార్టీలో నలుగురూ మాట వినే ఇద్దరి పేర్లు రాసుకోండి. పదవి ఉండనక్కర్లేదు. రిటైర్డ్ మాస్టారు, ఆర్ఎంపీ డాక్టరు, డ్వాక్రా గ్రూపు లీడర్ ఎవరైనా సరే.
☐ ఏడాదికి ఒక్కసారైనా రెండు వర్గాలూ కలిసి చేసే పని పెట్టండి. చెరువు పూడిక, కంటి పరీక్షల క్యాంపు, ఏదైనా.
☐ మీ "మే 16" ఏదో కనిపెట్టండి. గెలిచిన అభ్యర్థి ఊరేగింపు ఓడినవాడి ఇంటి ముందు ఆగి టపాసులు కాల్చడం లాంటిది. దాన్ని ఆపాల్సింది గెలిచిన వర్గమే.

## 3. మొదటి 24 గంటలు: ముందు ఫోను, తర్వాత మీటింగు

చాలామంది మైకు పెట్టి అందరినీ పిలుస్తారు. పిలిచాక వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. వరస ఇలా ఉండాలి:

1. అవతలి వర్గం పెద్దకు మీరే ఒంటరిగా ఫోన్ చేయండి. అనుచరుడితో చేయించకండి.
2. ఎజెండాలో సగం ఆయన్నే చెప్పమనండి.
3. వాళ్ల తరఫున ఎవరొస్తారో వాళ్లనే తేల్చుకోనివ్వండి.
4. ఆ తర్వాతే సమావేశం తేదీ ప్రకటించండి, ఇద్దరి పేర్లతో.
5. మీ వైపు అందరికంటే పెద్ద పదవిలో ఉన్న మనిషి వచ్చి కూర్చోవాలి.

ఫోన్‌లో ఇలా అనండి: "అన్నా, రేపు సాయంత్రం కూర్చుందాం. ఏం మాట్లాడాలో మీరు రెండు చెప్పండి, నేను రెండు చెబుతా. మీ తరఫున ఎవర్ని పంపుతారో మీ ఇష్టం."

ఇలా అనకండి: "దేశం కష్టంలో ఉంది అన్నా, మీవాళ్లను కాస్త అదుపులో పెట్టుకో."

మూడో అడుగు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కువ తగాదాలు పుట్టేది అక్కడే. పహల్గామ్ ఉగ్రదాడికి జవాబుగా చేసిన ఆపరేషన్ సిందూర్ తర్వాత, 2025 మేలో భారత్ 7 అఖిలపక్ష బృందాలను విదేశాలకు పంపింది. ఆలోచన మంచిది. శశి థరూర్, కనిమొళి, సుప్రియా సూలే వంటి విపక్ష ఎంపీలు బృందాలకు నాయకత్వం వహించారు. అసదుద్దీన్ ఒవైసీ, పురందేశ్వరి వేర్వేరు బృందాల్లో వెళ్లారు. కానీ కాంగ్రెస్ ఇచ్చిన నాలుగు పేర్లలో ఒక్కటే తీసుకుని, ఇవ్వని థరూర్‌ను నాయకుడిగా పెట్టడంతో దేశంలో చర్చ ముప్పు మీంచి పేర్ల మీదికి మళ్లింది. తృణమూల్ తరఫున ప్రకటించిన యూసుఫ్ పఠాన్ తప్పుకున్నాడు, చివరికి ఆ పార్టీ తన మనిషిగా అభిషేక్ బెనర్జీని పంపింది. మనిషి ఎంత సమర్థుడైనా, అవతలి పక్షం ప్రతినిధిని మీరు ఎంచితే వాళ్ల కంట్లో అతను మీ మనిషే అయిపోతాడు.

1994లో పీవీ నరసింహారావు చేసింది పోల్చి చూడండి. కశ్మీర్‌పై పాకిస్తాన్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం పెట్టింది. పీవీ భారత బృందానికి లోక్‌సభ ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయినే అధిపతిని చేశాడు. తన సొంత ప్రభుత్వంలో మంత్రి అయిన సల్మాన్ ఖుర్షీద్ ఆయన కింద సభ్యుడిగా వెళ్లాడు, ఫరూక్ అబ్దుల్లా తోడయ్యాడు. చివరికి పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ప్రతిపక్షానికి ఎవరు ప్రతినిధి అన్న ప్రశ్న అక్కడ తలెత్తలేదు, ఆ పదవిలో ఉన్న మనిషినే పంపారు కాబట్టి.

ఐదో అడుగుకు కూడా దగ్గరి ఉదాహరణ ఉంది. పహల్గామ్‌లో 26 మందిని చంపిన రెండు రోజులకు, 2025 ఏప్రిల్ 24న, ఢిల్లీలో అఖిలపక్ష సమావేశం జరిగింది. ప్రభుత్వం తీసుకునే చర్యకు విపక్షాలు మద్దతు పలికాయి. అయినా ప్రధాని రాలేదన్న మాటను బయటికొచ్చి ఎత్తి చూపాయి. అందరూ ఒప్పుకున్న రోజున కూడా ఖాళీ కుర్చీ వార్త అవుతుంది.

## 4. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి

నోటిమాట చాలదు. పెద్ద మాటలూ అక్కర్లేదు. ఐదు గళ్లు నింపితే సరిపోతుంది.

- ఏం చేస్తాం: రక్తదాన జాబితా, సైరన్ మోగితే ఎవరు ఏ వీధి చూడాలి, ఒంటరి వృద్ధుల ఇళ్లు, సైన్యంలో పిల్లలున్న కుటుంబాలకు తోడు.
- ఏం చేయం: ఈ రోజుల్లో పార్టీ జెండాలతో ర్యాలీలు, ఒకరి దేశభక్తిని ఒకరు శంకించడం.
- ఎవరు ఏది చూస్తారు: పేరు, ఫోన్ నంబరు.
- ఎప్పటి వరకు: తేదీ, లేదా "కాల్పుల విరమణ జరిగిన పది రోజులకు".
- ప్రశ్నలు ఎప్పుడు, ఎక్కడ: ఆరో భాగం చూడండి.

"ఏం చేయం" అన్న గడిలో అత్యాశకు పోవద్దు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెద్ద పార్టీలు ఉప ఎన్నికల్లో ఒకరి సీటుపై ఒకరు పోటీ చేయకూడదని ఒప్పుకున్నాయి. ఒకరినొకరు విమర్శించకూడదని ఒప్పుకోలేదు. అందుకే అది యుద్ధమంతా నిలిచింది. మీరు "ఎవరూ ఎవరినీ విమర్శించకూడదు" అని రాస్తే రెండో రోజు సాయంత్రానికి ఆ కాగితం చిరుగుతుంది.

2025 మే 7న హైదరాబాద్, విశాఖపట్నంలో పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది. అలాంటి పనికి పార్టీ రంగు పట్టదు. ఒప్పందంలో మొదటి పనిగా అలాంటిదే పెట్టండి.

## 5. పనితో పాటు పేరు కూడా పంచండి

మనవాళ్లకు మైకు, అవతలివాళ్లకు కుర్చీలు సర్దే పని. ఇలా పంచితే పంచనట్టే.

1940 మేలో బ్రిటన్ ప్రధాని అయిన చర్చిల్ ఐదుగురితో యుద్ధ మంత్రివర్గం పెట్టాడు. అందులో ఇద్దరు, అట్లీ, గ్రీన్‌వుడ్, ప్రతిపక్ష లేబర్ పార్టీవాళ్లు. దేశంలో ఎవరు ఏ పనిలో ఉండాలో నిర్ణయించే కార్మిక శాఖను కార్మిక నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్‌కే అప్పగించాడు. అంతకుముందు ప్రధానిగా ఉన్న చేంబర్లేన్ కింద పనిచేయబోమని లేబర్ పార్టీ తెగేసి చెప్పింది, ఆయన ప్రధాని పదవి వదిలాడు. అయినా ఆయన్ను అవమానించి బయటికి నెట్టలేదు. ఆ ఐదుగురిలో ఆయనా ఒకడు.

ఘోషయాత్ర కథ మనకు తెలిసిందే. బయటివాడు వస్తే మనం నూట ఐదుగురమని ధర్మరాజు తమ్ముళ్లను పంపి, గంధర్వుల చేతిలో బందీ అయిన దుర్యోధనుణ్ణి విడిపించాడు. ఐక్యత గురించి ఉపన్యాసాల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి భాగం ఎవరూ చెప్పరు. శత్రువు దయతో బయటపడ్డానన్న సిగ్గుతో దుర్యోధనుడు ప్రాయోపవేశానికి కూర్చున్నాడు, పగ ఇంకా పెరిగింది. సాయం చేసేటప్పుడు అవతలివాడి తల ఎత్తుకునేలా చేయకపోతే జరిగేది ఇదే.

☐ ప్రతి పనికి ఇద్దరేసి, వేర్వేరు వర్గాల నుంచి.
☐ డబ్బు లెక్కలు, తాళాలు ఒక్క వర్గం చేతిలో ఉండకూడదు.
☐ పేపర్‌కు ఇచ్చే ఫొటోలో ఇద్దరూ ఉండాలి. ఫ్లెక్సీ వేయకపోతే ఇంకా మంచిది.
☐ సమాచారం ఇద్దరికీ ఒకేసారి. ఒకరికి ముందు తెలిస్తే రెండోవాళ్లు మిమ్మల్ని ఇక నమ్మరు.

## 6. ప్రశ్నకు తేదీ ఇవ్వండి

"ఇప్పుడు అడగొద్దు" అంటే అడిగేవాడికి వినపడేది "ఎప్పుడూ అడగొద్దు" అనే. "పదిహేనో తారీఖున పంచాయతీ ఆఫీసులో అడుగు, రాసిపెట్టాం" అంటే చాలామంది ఆగుతారు.

1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. నవంబర్ 8నే, అనుకున్నదానికంటే ముందుగా, పార్లమెంటు కూడింది. రహస్యంగా సమావేశం జరపాలన్న సూచనను నెహ్రూ ఒప్పుకోలేదు. యుద్ధం సాగుతుండగానే బహిరంగంగా చర్చ నడిచింది, సొంత ప్రభుత్వాన్నే సభ్యులు నిలదీశారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ అప్పటికే పోవాల్సి వచ్చింది, సొంత పార్టీ ఎంపీల ఒత్తిడే దానికి ముఖ్య కారణం. ఇంత జరిగాక నవంబర్ 14న సభ చైనాను ఎదుర్కొంటామని తీర్మానం చేసింది. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభ చరిత్రలో మొదటిది. 62–347తో వీగిపోయింది. ఓడినా అడగాల్సినవన్నీ అడిగారు.

కార్గిల్ సంగతి ఇంకా ఇరుకైనది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి, మధ్యలో యుద్ధం. రాజ్యసభ ప్రత్యేక సమావేశం పెట్టాలని విపక్షం అడిగినా పెట్టలేదు. నా దృష్టిలో అది పొరపాటే. కానీ జూలై 26న యుద్ధం ముగిస్తే మూడు రోజుల్లో, 29న, రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్ష కమిటీ వేశారు. దాని నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చింది. చొరబాట్లను ముందుగా ఎందుకు పట్టుకోలేకపోయాం అన్న ప్రశ్నకు ఒక చోటు దొరికింది.

ప్రశ్న వల్ల ఐక్యత చెడుతుందని భయపడేవాళ్లకు ఒక లెక్క: 1942 జూలైలో, యుద్ధం బాగా ఎదురుతిరిగిన సమయంలో, చర్చిల్‌పై అవిశ్వాస తీర్మానం వచ్చింది. 25 ఓట్లే పడ్డాయి, వ్యతిరేకంగా 475. ప్రశ్నను రానిచ్చినందుకు ఆయన ఇంకా బలపడ్డాడు.

చోటు ఇవ్వకపోతే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లో చూశాం. 2023 అక్టోబర్ 7 దాడి తర్వాత నాలుగు రోజుల్లో ప్రతిపక్షం నుంచి బెన్నీ గాంట్జ్ యుద్ధ మంత్రివర్గంలో చేరాడు. యుద్ధం తర్వాత గాజాను ఏం చేస్తారో చెప్పండని గడువు పెట్టి అడిగాడు. జవాబు రాలేదు, 2024 జూన్‌లో బయటికొచ్చేశాడు.

మీరు చేయాల్సింది: ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఏ ప్రశ్న లేవనెత్తినా పేరు, తేదీతో రాయండి. "తర్వాత చూద్దాం" అనకుండా, రాసిన పేజీ చూపించండి.

## 7. కోపం లోపలివాళ్ల మీదికి మళ్లకుండా

ఇందులో జాప్యం పనికిరాదు. సాయంత్రం మీటింగులో చర్చించుకుందాం అనుకునే లోపే రాళ్లు పడతాయి.

1962లో చైనా మూలాలున్న దాదాపు 3 వేల మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. వారిలో చాలామంది ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే. కొందరు ఏళ్ల తరబడి బయటికి రాలేదు.

మన దగ్గరి సంగతి: 2025 మేలో శంషాబాద్‌లోని కరాచీ బేకరీ శాఖపై దాడి జరిగింది, పేరు మార్చాలని. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన హిందూ కుటుంబం హైదరాబాద్‌లో పెట్టుకున్న వ్యాపారం అది. పాకిస్తాన్ మీద కోపం, పాకిస్తాన్ వల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బోర్డు మీద పడింది.

☐ మీ పరిధిలో అనుమానం ఎవరి మీద పడుతుందో ముందే అనుకోండి: కశ్మీరీ విద్యార్థులు, ఒక మతంవాళ్ల దుకాణాలు, పేరు వల్ల ఇబ్బంది పడేవాళ్లు.
☐ మొదటి రోజే ఇద్దరు, వేర్వేరు పార్టీలవాళ్లు, వాళ్ల ఇంటికో దుకాణానికో వెళ్లి కూర్చోండి. ఫొటో తీసుకోకండి.
☐ బెదిరింపు వస్తే వెంటనే 112కి ఫోన్. "మనలో మనం సర్దుకుందాం" అనొద్దు.

## 8. వాట్సాప్ గ్రూపుకు నాలుగు నియమాలు

2025 మే 8 రాత్రి కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని టీవీ చానళ్లు చెప్పాయి. నిజం కాదని తర్వాత తేలింది. చానళ్లే బోల్తా పడినచోట మీ గ్రూపు ఎంత?

1. సైన్యం కదలికల ఫొటోలు, వీడియోలు పెట్టకూడదు. సైనిక చర్యలను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని కేంద్ర సమాచార శాఖ 2025 ఏప్రిల్ 26న చానళ్లకే చెప్పింది.
2. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) లేదా జిల్లా కలెక్టర్, పోలీసుల ప్రకటన లేకుండా "బ్రేకింగ్" పెట్టకూడదు.
3. తప్పు పోస్టు పెట్టినవాళ్లను గ్రూపులో నిలదీయకండి. విడిగా ఫోన్ చేసి తీయించండి. పరువు పోతే మనిషి మొండికేస్తాడు.
4. అడ్మిన్లు ఇద్దరు, రెండు వర్గాల నుంచి. ఒకరిని తీసేయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"మనవాడే అతిగా మాట్లాడుతున్నాడు." మీవాణ్ణి మీరే ఆపాలి. అవతలివాళ్లు ఆపితే అది గొడవ.

"వాళ్లు మీటింగుకు రాలేదు." రానందుకు స్టేట్‌మెంట్ ఇవ్వకండి. పని మొదలుపెట్టి, వాళ్ల గడి ఖాళీగా ఉంచి, మర్నాడు మళ్లీ ఫోన్ చేయండి.

"ఎమ్మెల్యే వచ్చి మొత్తం తన ఖాతాలో వేసుకున్నాడు." ఇది జరుగుతుంది. ఆ రోజే ఇద్దరి పేర్లతో ఒక చిన్న ప్రకటన విలేకరికి ఇవ్వండి, ఎమ్మెల్యేను తప్పుపట్టకుండా.

"ఒకడు యుద్ధమే వద్దంటున్నాడు." అననివ్వండి. రక్తం ఇస్తున్నాడా, పని చేస్తున్నాడా అన్నదే ఒప్పందం. అతని అభిప్రాయం అందులో లేదు.

## 10. ముగించే రోజు

కాల్పుల విరమణ వచ్చింది కదా అని ఒప్పందాన్ని అలా గాలికి వదిలేయకండి. రాసుకున్న తేదీన మళ్లీ కూర్చోండి. వరస ఇది:

1. ఖర్చుల లెక్క చదవండి, ఇద్దరూ సంతకం చేయండి.
2. నోటుపుస్తకంలోని ప్రశ్నలు ఒక్కొక్కటీ చదవండి. మీరు జవాబు చెప్పగలిగేవి అక్కడే చెప్పండి. సైరన్ ఎందుకు మోగలేదు, అంబులెన్స్ ఎందుకు ఆలస్యమైంది లాంటివి రాతపూర్వకంగా కలెక్టర్‌కో మున్సిపల్ కమిషనర్‌కో పంపండి. అడ్రస్ చేయాల్సినవాళ్లెవరో తెలియకపోతే సోమవారం ప్రజావాణిలోనో గ్రీవెన్స్‌లోనో ఇవ్వండి.
3. ఒప్పందం ముగిసిందని పైకి ప్రకటించండి. రేపటి నుంచి ఎవరి జెండా వాళ్లది.
4. ఆ అర్జీ నకలు రెండు వర్గాల దగ్గరా ఉంచండి. నెల దాటినా జవాబు రాకపోతే ఇద్దరూ కలిసి సమాచార హక్కు దరఖాస్తు వేయండి.